పొలంలో గొర్రెల మంద కట్టించాను: ఆరు రాత్రుల లెక్క

ఐదు స్టార్లకి నాలుగు ఇస్తున్నాను. ఆ ఐదో స్టారు మేకలు మేసేశాయి. ఆ సంగతి తర్వాత చెప్తాను.

హోటల్‌కీ, మిక్సీకీ, ఏసీ రిపేరుకి వచ్చినవాళ్లకీ రివ్యూలు రాస్తున్నాం కదా, గొర్రెల మందకి ఎందుకు రాయకూడదు అనిపించింది. ఇదీ డబ్బులిచ్చి చేయించుకున్న పనే. నేను వైజాగ్ సీతమ్మధారలో ఒక కాలేజీలో అకౌంట్స్ చూస్తాను. ఉండేది మర్రిపాలెం. పద్మనాభం మండలంలో అమ్మ నుంచి వచ్చిన ఎకరా ఇరవై సెంట్ల ఎర్రనేల ఉంది. సగంలో మామిడి, జీడి ఉన్నాయి. మిగతా అరవై సెంట్లలో ఏటా ఏదో ఒకటి వేస్తాను. ఆదివారాలు బస్సెక్కి వెళ్లి చేసే వ్యవసాయం నాది, కాబట్టి నన్ను పెద్ద రైతు అనుకోకండి.

మంద కట్టడం అంటే తెలియని పిల్లలుంటారు. పంట కోసేశాక, తొలకరికి ముందు, గొర్రెల మందని రాత్రిళ్లు మన పొలంలో పడుకోబెడతారు. చుట్టూ వల కడతారు. తెల్లారేసరికి పెంటికలూ ఉచ్చా నేలలో ఉంటాయి. మర్నాడు రాత్రి వలని పక్కకి జరుపుతారు. పగలు గొర్రెలు వాటి దారిన మేతకి పోతాయి. మోత కూలీ లేదు, చల్లే కూలీ లేదు. మా అమ్మమ్మ కాలంలో దీన్ని సేవ అని ఎవరూ అనేవారు కాదు. వేసవి వచ్చిందంటే మంద వచ్చేది, అంతే.

నాకీ ఆలోచన రావడానికి కారణం అంతకు ముందు ఏడు కొన్న గెత్తం, అదే, పశువుల పేడ ఎరువు. ట్రాక్టరు 3,500 చొప్పున రెండు ట్రాక్టర్లు తోలించాను. చల్లించడానికి కూలి 1,800. మొత్తం 8,800. అందులో గాజుముక్కలు, షాంపూ ప్యాకెట్లు, ఒక చంటిపిల్లాడి చెప్పు. గడ్డి విత్తనాలైతే ఇక చెప్పక్కర్లేదు, ఆ ఏడు కలుపు తీతకి అయిన ఖర్చు చూసి మా ఆయన మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అమ్మ మాత్రం మంచం మీద నుంచే, "మంద కట్టించుకోక ఈ పాటు ఎందుకే నీకు" అంది.

మందని ఎక్కడ వెతకాలి? దీనికి యాప్ లేదు. పద్మనాభంలో కుంతీమాధవస్వామి గుడి దగ్గర టీ తాగుతూ అడిగితే ఒకతను ఒక నంబరు ఇచ్చాడు. ఆ కాపరి పేరూ, నంబరూ ఇక్కడ రాయడం లేదు. ఆయనే వద్దన్నాడు. "రాత్రి ఒక సోటే పడుకోగలం కదమ్మా, పదిమంది పిలిస్తే ఏటి సేత్తాను" అని. వయసు అరవై దాకా ఉంటుంది. నేను బాబాయ్ అన్నాను, ఆయన నన్ను తల్లీ అన్నాడు. బేరం మాత్రం ఈ వరసలేవీ పట్టించుకోకుండా గట్టిగానే జరిగింది. మూడు వందల జీవాలు, రాత్రికి 800 రూపాయలు, ఆయనకీ పిన్నికీ రోజుకి రెండు కిలోల బియ్యం, పప్పు, టీ. ఆరు రాత్రులకి ఒప్పుకున్నాం.

ఏప్రిల్ మూడోవారం వస్తానన్నాడు. పదకొండు రోజులు ఆలస్యంగా వచ్చాడు. ఫోన్ చేస్తే ఎత్తడు. ఎత్తితే గొర్రెల అరుపులు తప్ప ఏమీ వినపడవు. దారిలో వరసగా పదిహేను గొర్రెలు ఈనాయట, ఆ పిల్లల్ని నడిపించలేక ఆగిపోయారట. మరి ఒక్క మెసేజ్ పెట్టొచ్చు కదా అన్నాను. ఆయన తన కీప్యాడ్ ఫోన్ నా చేతిలో పెట్టి, "నువ్వే ఎట్టు తల్లీ, ఎలగ ఎడతారో నానూ సూత్తాను" అన్నాడు. ఆలస్యానికి స్టారు కొయ్యడం మానుకున్నాను.

వచ్చిన సాయంత్రం గురించి కొంచెం తీరిగ్గా చెప్పనివ్వండి. ముందు దుమ్ము కనపడింది. తర్వాత మెడగంటలు. ఆ తర్వాత వాన మొదలైనప్పుడు తాటాకు మీద చినుకులు పడే చప్పుడులాంటిది, అది వాటి గిట్టల చప్పుడు. ముందు ఒక పొడుగు కాళ్ల గొర్రె, నుదుటి మీద తెల్లచుక్క, దాన్ని బొల్లి అని పిలిచాడు. అది ఆగితే అన్నీ ఆగాయి. పిన్ని పదినిమిషాల్లో గుంజలు పాతి వల కట్టేసింది. ఒక్కో గొర్రెకీ గజంన్నర చోటు వస్తుందేమో, పది సెంట్లలో మూడు వందలూ సర్దుకుని పడుకున్నాయి. రెండు కుక్కలు చెరో మూలకి వెళ్లి కూర్చున్నాయి, వాటికి ఎవరూ ఏమీ చెప్పలేదు.

బాబాయ్ మాత్రం ఎరువుల బస్తాలు విప్పి కుట్టిన దుప్పటి కప్పుకున్నాడు. గొంగళి లేదా అని అడిగాను. వాళ్ల నాన్నకి ఉండేదట, నల్ల ఉన్నిది, చింతగింజల గంజి పట్టించి గట్టిగా నేసింది, వాన పడినా లోపలికి దిగేది కాదట. ఆ ఉన్ని మన కోస్తా గొర్రెది కాదు. తెలంగాణ, రాయలసీమ వైపు తిరిగే దక్కనీ గొర్రెది. మన గొర్రెలకి ఉన్ని రాదు, మేక బొచ్చులాంటి వెంట్రుకలే. ఇప్పుడు ఆ దక్కనీ మందల్లోనూ మాంసం కోసమని నెల్లూరు పొట్టేళ్లని దింపుతున్నారట, పిల్లలకి ఉన్ని తగ్గిపోతోందట. ఉన్ని పోతే గొంగళి పోయింది, గొంగళి నేసేవాడి పనీ పోయింది. ఈ కబుర్లు సగం బాబాయ్ చెప్పినవి, సగం తర్వాత మా అక్క కొడుకు పూరించినవి.

తెల్లవారుజామున అయిదున్నరకి అసలు పని చూశాను. అకౌంటెంట్ బుద్ధి ఊరుకోదు కదా. మంద లేచి వెళ్లాక ఒక చదరపు గజం మేర గీత గీసి, చీపురుతో పెంటికలన్నీ ఊడ్చి, కిరాణా కొట్టు కాటా మీద పెట్టించాను. 310 గ్రాములు. కొట్టతను నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఆ లెక్కన రాత్రికి పది సెంట్ల చొప్పున ఆరు రాత్రులకి సుమారు తొమ్మిది వందల కిలోలు. ఉచ్చ లెక్కలోకి రాలేదు, అది తూచడానికి నా దగ్గర ఉపాయం లేదు. మళ్లీ వచ్చేసరికి ఆ గీత పక్కనే పేడపురుగులు రెండు ఒకే పెంటిక కోసం తోసుకుంటున్నాయి. ఒకటి వెనక్కాళ్లతో నెడుతుంటే ఇంకోటి దాని మీదకెక్కి కూర్చుంది. దూరంగా మేతకి పోతున్న గొర్రెల వీపుల మీద పసులపోలిగాడు పిట్టలు స్వారీ చేస్తున్నాయి, అడుగు పడినప్పుడల్లా గడ్డిలోంచి లేచే మిడతల కోసం. నాలుగేళ్లుగా ఆ పొలానికి వెళ్తున్నాను, పసులపోలిగాడిని అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. గెత్తం ట్రాక్టరు వచ్చినప్పుడు ఒక్క పిట్టా రాలేదు.

రెండో రోజు మా అక్క కొడుకు వచ్చాడు. గరివిడి వెటర్నరీ కాలేజీలో చదువుతున్నాడు. వచ్చీ రాగానే గొర్రెల చెవులు, తోకలు, కాళ్లు చూసి, ఫోన్‌లో ఫొటోలు తీసి తేల్చేశాడు: "పిన్నీ, ఇవి ఏ జాతికీ పూర్తిగా చెందవు. పొట్టేళ్లలో నెల్లూరు పోలికలున్నాయి, ఆడవాటిలో చాలా వరకు ఇక్కడివే. పుస్తకం ప్రకారం నాన్ డిస్క్రిప్ట్." దాని అర్థం ఏంటని బాబాయ్ అడిగాడు. పేరు పెట్టని రకం అని వీడు చెప్పాడు. బాబాయ్ చుట్ట పక్కన పెట్టి, "పేరు నేకపోతే గొర్రి కాదేటి బాబూ?" అన్నాడు. మా వాడి దగ్గర సమాధానం లేదు.

సమాధానం లేదు గానీ సమాచారం ఉంది, అది మాత్రం రాత్రి అన్నాలప్పుడు మాకు బాగానే చెప్పాడు. దేశంలోని పశుజాతుల్ని నమోదు చేసే సంస్థ హర్యానాలోని కర్నాల్‌లో ఉందట, 1984లో పెట్టారట. మన నెల్లూరు గొర్రె దేశంలోకెల్లా ఎత్తైనది. అందులో పల్ల, జోడిపి, దొర అని మూడు రకాలు. తెల్లది పల్ల, తెలుపు మీద మొహాన నల్ల మచ్చలుంటే జోడిపి, గోధుమరంగుది దొర. బెంగాల్ సుందరబన్‌లో మోకాలెత్తు గొర్రె ఒకటుందట, గారోల్ అని. బురదలో దిగి మేస్తుంది, ఈతకి రెండు మూడు పిల్లల్ని పెడుతుంది. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో బెంగాల్ నుంచి ఓడలో వెళ్లిన గొర్రెల వల్లే ఆస్ట్రేలియాలో బూరూలా అనే మెరినో రకానికి కవలలు పుట్టే జన్యువు వచ్చిందని తేలింది. మన పక్కనే, ఒడిశాలోని కేంద్రపడా గొర్రెలోనూ అదే జన్యువు ఉందట. మన ఒంగోలు పశువు బ్రెజిల్ వెళ్లి నెలోర్ అయి అక్కడ నిండిపోయింది, ఇక్కడ ఒంగోలు గిత్తని చూడాలంటే పోటీలకి వెళ్లాలి. ఇదంతా విన్నాక నాకు మిగిలినవి రెండు అంకెలు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2015లో ఇచ్చిన నివేదిక ప్రకారం పెంపుడు జంతువుల జాతుల్లో 17 శాతం అంతరించే ప్రమాదంలో ఉన్నాయి. 58 శాతం జాతుల పరిస్థితి ఏంటో అసలు లెక్కే లేదు. నష్టం చూపించే ఖాతా చూస్తే నాకు భయం వేయదు, ఖాళీగా ఉన్న ఖాతా చూస్తే వేస్తుంది. బాబాయ్ బొల్లి ఏ లెక్కలో ఉందో మరి.

ఇప్పుడు, ఈ పనికి ఏ గొర్రె అయినా సరిపోతుందా అని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. మా పొలానికి రెండు కిలోమీటర్ల దూరంలో ఒకాయన షెడ్డు కట్టి గొర్రెల్ని పెంచుతున్నాడు. మంచి బరువున్న పొట్టేళ్లు, దాణా తొట్టెలో, నీళ్లు కుళాయిలో. తప్పు పట్టడానికేమీ లేదు, పండక్కి మాంసం అక్కడి నుంచే తెస్తాం. కానీ వాటిలో ఒక పొట్టేలుని కొని బాబాయ్ బంధువు మందలో కలిపితే మూడో రోజుకి కుంటుతూ కూలబడిపోయిందట. బాబాయ్ మంద రోజుకి పది పన్నెండు కిలోమీటర్లు నడుస్తుంది. మే నెల ఎండలో చెరువు గట్టున ఎండుగడ్డి, కోసిన చేలో మోళ్లు, మినుము తుక్కు, రాలిన తుమ్మకాయలు, ఎవరూ కొనని మేత ఏదైనా తింటుంది. పొద్దున్న కొండ దగ్గర తిన్నది రాత్రికి నా పొలంలో వేస్తుంది. నేను 800 ఇచ్చింది ఆ కాళ్లకి, ఆ కడుపుకి. బరువు మాత్రమే చూసి పొట్టేళ్లని ఎంచుకుంటూ పోతే రెండు మూడు తరాల్లో ఈ నడక పోతుంది అంటాడు మా వాడు. "గొర్రికి నడకే పేనం తల్లీ" అంటాడు బాబాయ్. ఇద్దరూ ఒకరి మాట ఒకరు ఒప్పుకున్నది అక్కడ ఒక్కచోటే.

ఇక మేకలు. మందలో పన్నెండు మేకలున్నాయని బేరం రోజున ఎవరూ చెప్పలేదు. టీలోకి పాలకీ, మందకి దారి చూపించడానికీ కొన్ని మేకలు ఉంటాయట. గొర్రె తల దించి మేస్తుంది, మేక తల ఎత్తి మేస్తుంది. ఈ చిన్న తేడా నాకు ఎనిమిది మునగమొక్కల ఖరీదు. మూడో రోజు పొద్దున్న వల విప్పిన పావుగంటలో మొక్కలన్నీ అగరుబత్తీల్లా నిలబడ్డాయి. ఒక మామిడి అంటుకి బెరడు కూడా వలిచేశాయి. పిన్ని కర్ర పుచ్చుకుని పరిగెత్తింది గానీ అప్పటికే విందు ముగిసింది. పరిహారం అడగాలనుకున్నాను. ఈలోపు పిన్ని అదే మేక పాలతో టీ పెట్టి గ్లాసు చేతికిచ్చింది. అడగలేదు. కానీ స్టారు తీసేశాను.

ఇంకో ఇబ్బంది రెండు నెలల తర్వాత బయటపడింది. వానలు పడ్డాక పొలంలో అక్కడక్కడా సర్కారు తుమ్మ మొలకలు లేచాయి. కాయ తింటాయి, గట్టి విత్తనం కడుపులో అరగకుండా ఎరువుతో సహా దిగుతుంది. రేగు, నల్లతుమ్మ కూడా అలాగే వచ్చాయి. రేగు మొలకలు రెండు గట్టు మీద ఉంచేశాను. తుమ్మవి చిన్నప్పుడే పీకెయ్యాలి, నేను ఒక ఆదివారం మానేస్తే ముళ్లు వచ్చేశాయి. పిడుదుల సంగతి కూడా చెప్పాలి. మందలో తిరిగి వచ్చాక కాళ్లు వేడినీళ్లతో కడుక్కోండి, నేను కడుక్కోలేదు, వారం గోక్కున్నాను.

డబ్బు లెక్క: రాత్రులకి 4,800, బియ్యం 600, పప్పూ ఎండుచేపలూ టీ పంచదారా కలిపి 350. మొత్తం 5,750. గెత్తం కంటే 3,050 తక్కువ. మునగమొక్కలు తీసేసినా లాభమే. మన వైజాగ్ బాల్కనీల కోసం ఐదు కిలోలు 199 రూపాయలకి అమ్మే మేకల ఎరువు ప్యాకెట్ ధరతో తొమ్మిది వందల కిలోలూ లెక్కేసి చూశాను, ముప్పై అయిదు వేలు దాటింది. ఆ అంకె బాబాయ్‌కి చెప్పలేదు, వచ్చే ఏడు బేరం పాడవుతుంది. పైగా బలంలో తేడా ఉంది. మామూలు పశువుల గెత్తంలో నత్రజని అర శాతం ఉంటే గొర్రెల ఎరువులో సుమారు మూడు శాతం ఉంటుందని మా వాడి పుస్తకంలో ఉంది.

ఆ డబ్బు ఎవరికి చేరుతుందో కూడా అడిగి తెలుసుకున్నాను. మూడు వందల్లో నలభై దాకా బాబాయ్‌వి కావు. పదిహేను ఆయన చెల్లెలివి, భర్త పోయాక కొనుక్కుంది. ఒక పాతిక ఊళ్లో ముసలివాళ్లవీ, ఇద్దరు ఆడపిల్లలవీ, సగం పాలుకి ఇచ్చినవి. మేపినందుకు పుట్టే పిల్లల్లో సగం బాబాయ్‌కి, సగం సొంతదారుకి. ఆ ఆడపిల్లల్లో ఒకమ్మాయి నర్సింగ్ ఫీజు మొదటి ఏడు రెండు పొట్టేళ్లు అమ్మి కట్టిందట. సెంటు భూమి లేనివాళ్లకి మా పొలాల్లోని మోళ్ల మీద హక్కు లాంటిది ఈ గొర్రెలే. షెడ్డు, దాణా, కరెంటు కావాలంటే ఆ చెల్లెలు ఎక్కడ తెస్తుంది?

బాబాయ్ కొడుకు మాత్రం పరవాడలో ఫార్మా కంపెనీలో షిఫ్టు డ్యూటీ. గుంటడు రాడు అని బాబాయ్ కోపంగా కాదు, మామూలుగానే చెప్పాడు. ఆయన బెంగ వేరే. భోగాపురం విమానాశ్రయం పుణ్యమా అని ఆనందపురం దాటాక ఎక్కడ చూసినా రంగురాళ్లు పాతిన లేఅవుట్లే. నిరుడు మేసిన చోట ఈ ఏడు కంచె ఉంటుంది. సింహాద్రి అప్పన్నకి కోడెదూడల్ని మొక్కుకునే జిల్లా మనది. పశువు మీద భక్తి ఉంది గానీ అది మేసే జాగా మీద ఎవరికీ భక్తి లేదు. మా పక్క ప్లాటు ఆయన, ఖాళీ జాగాయే, గడ్డి తప్ప ఏమీ లేదు, మందని అటు రానివ్వద్దని గొడవకి వచ్చాడు. నేను నచ్చజెప్పే పని పెట్టుకోలేదు, వలని ఇవతలికి జరిపించాను.

ఫలితం సంగతి. వెళ్లేటప్పుడు బాబాయ్ "ఎండకి ఆరిపోకముందే బేగి దున్నించీయమ్మా, సారం గాల్లోకి పోద్ది" అన్నాడు. ట్రాక్టరతను వారం తిప్పించాడు. ఆ వారం వాసన ముక్కుకి తగులుతూనే ఉంది, అంటే నా డబ్బు గాల్లో కలుస్తూనే ఉంది. తొలకరికి చోళ్లు, అంటే రాగులు, వేశాను. ఒక అంచున రెండు సెంట్లు మంద పడనిది వదిలేశాను, తేడా చూద్దామని. ఆగస్టుకి గీత గీసినట్టు కనపడింది, ఇటు ముదురు పచ్చ, అటు లేత పసుపు. అయితే ఒకచోట, వల మార్చకుండా రెండు రాత్రులు పడుకోబెట్టిన మూల, పైరు మరీ ఏపుగా పెరిగి గాలివానకి చాపలా పడిపోయింది. అక్కడ గింజ సరిగ్గా పట్టలేదు. ఆ రాత్రి వల మార్చొద్దన్నది నేనే, ఎక్కువైతే మంచిదే కదా అని. ఇది బాబాయ్ ఖాతాలో వేయను.

మీరూ కట్టించుకోవాలనుకుంటే ఫిబ్రవరిలోనే మాట్లాడుకోండి, మే దాటితే దొరకరు. వానలకి ముందు చిటుకు రోగం టీకాలు వేయించారా అని అడగండి. తొలకరి లేతగడ్డికి అది మందల్ని ఒక్క రాత్రిలో కూలుస్తుంది. బాబాయ్ మే చివర్లో పశువుల ఆసుపత్రిలో వేయిస్తాడట. నీటి తొట్టె నిండా ఉండాలి. గొర్రెపిల్లకీ అరవై ఏళ్ల కాపరికీ ఒకే తొట్టె చూపించకండి, మనుషులకి బిందె వేరే పెట్టండి. మేకలు ఎన్ని అని మాత్రం మొదటి రోజే అడగండి.

ఈ ఏడు నేను ఫిబ్రవరి పదిన ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తాడు. బొల్లి ఈనిందట, ఆడపిల్ల, నుదుటి మీద అదే చుక్క. ఎనిమిది రాత్రులు కావాలన్నాను, రాత్రికి 900 అన్నాడు, 850కి కుదిరింది. ఈసారి మేకల్ని తేనన్నాడు. తెస్తాడని నాకు తెలుసు. కొత్తగా నాటిన మునగమొక్కల చుట్టూ కట్టడానికి పూర్ణా మార్కెట్‌లో వల కొన్నాను, 640 రూపాయలు. అదీ మంద ఖర్చు కిందే రాసుకున్నాను.